నది లేని నగరం టికాల్

గ్వాటెమాలా ఉత్తరాన పెటేన్ అడవుల్లో ఉన్న టికాల్‌కు వెళ్ళిన యాత్రికులు ముందుగా చూసేది ఆలయ శిఖరాలనే. నాలుగవ ఆలయం ఎత్తు సుమారు 65 మీటర్లు మరి! కాని ఈ మాయా నగరంలో అసలు వింత కాళ్ళ కిందే ఉంది.

టికాల్ పక్కన నది లేదు. నేలంతా సున్నపురాయి, కురిసిన వాన పగుళ్ళలోంచి లోతుకు ఇంకిపోతుంది. పైగా ఏటా కొన్ని నెలలు వానలు దాదాపు ఉండవు. అందుకని మాయా ప్రజలు ఆలయాల ముందరి ఆవరణలకు సున్నపు గచ్చు చేసి, కొంచెం వాలుగా కట్టారు. గచ్చు మీద పడిన వాన ఇంకిపోకుండా చెరువుల్లో చేరేది.

కొరియెంటల్ అనే చెరువులో జియోలైట్ ఖనిజం, స్ఫటిక ఇసుక ఉన్నట్లు 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జియోలైట్‌లోని అతిసూక్ష్మ రంధ్రాలు నీటిలోని మలినాలను పట్టి ఉంచుతాయి. నేటి వడపోత సాధనాల్లోనూ దాన్ని వాడుతున్నారు. అది దొరికే చోటు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. బరువులు లాగే పశువులు మాయాలకు లేవు కనుక మనుషులే మోసుకురావాలి.

చిత్రమేమంటే, రాజభవనం పక్కనున్న చెరువు అడుగు మట్టిలో పాదరసం బయటపడింది. గోడలకు పూసిన ఎర్రని ఇంగిలీకం పాదరసపు ఖనిజమే. వానకు కొట్టుకువచ్చి చెరువులో చేరి ఉంటుంది. విషపూరితమైన నీలి ఆకుపచ్చ నాచు జాడలు కూడా ఉన్నాయి. ఆ విషం నీటిని మరగబెట్టినా పోదు. దూరపు కొరియెంటల్ నీరే మేలన్నమాట!

అనావృష్టి, యుద్ధాలు కూడా తోడయ్యాయి కనుక నగర పతనానికి నింద అంతా ఇంగిలీకం మీద వెయ్యలేం. క్రీ.శ. 869 తరువాతి తేదీ ఉన్న శిలాస్తంభం మాత్రం టికాల్‌లో ఒక్కటీ దొరకలేదు.