ఫ్లాష్ కథ: కదిలే బొమ్మల లాభాలు, నష్టాలు

పిల్లలూ! మీ అమ్మానాన్నలు చదువుకునే రోజుల్లో ఇంటర్నెట్‌లో ఆటలు, కార్టూన్లు చాలావరకు "ఫ్లాష్" అనే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యేవి. ఇంట్లో అడిగి చూడండి, చాలామందికి గుర్తుంటుంది. ఇప్పుడు ప్రముఖ బ్రౌజర్‌లలో ఫ్లాష్ లేదు. అందరికీ అంత నచ్చినది ఎందుకు పోయింది? తెలుసుకుందాం.

ఫ్లాష్ 1996లో పుట్టింది. మొదట దాని పేరు ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్. ఆ ఏడాది చివర్లో మాక్రోమీడియా కంపెనీ దాన్ని కొని, ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో మాక్రోమీడియాను అడోబీ కంపెనీ కొనుక్కుంది.

లాభాలు

అప్పట్లో చాలా ఇళ్లకు ఇంటర్నెట్ ఫోను తీగ మీద వచ్చేది. చాలా నెమ్మది! పెద్ద ఫైలు రావాలంటే ఎంతోసేపు కూర్చోవాలి. ఫ్లాష్ మాత్రం బొమ్మను చుక్కలు చుక్కలుగా పంపదు. "ఇక్కడి నుంచి అక్కడికి ఇంత వంపుతో గీత, లోపల ఎర్ర రంగు" అని లెక్కలుగా పంపుతుంది. దీన్ని వెక్టర్ బొమ్మ అంటారు. మామూలు బొమ్మలకు ఫైలు చిన్నదిగా ఉంటుంది. బొమ్మను ఎంత పెద్దది చేసినా మసకబారదు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. బంతి మొదట ఎక్కడుందో, చివరికి ఎక్కడికి వెళ్లాలో చూపిస్తే చాలు. మధ్యలో కావలసిన బొమ్మలన్నీ సాఫ్ట్‌వేరే వేసేస్తుంది. బొమ్మ, పాట, మాట, ఆట అన్నీ ఒకేచోట కలపవచ్చు.

నష్టాలు

ఫ్లాష్ బొమ్మలు చూడాలంటే బ్రౌజర్‌కు "ప్లగిన్" అనే అదనపు ప్రోగ్రామ్ కావాలి. అందులో భద్రతా లోపాలు మాటిమాటికీ బయటపడేవి. పేజీ మొత్తం ఫ్లాష్‌లో చేస్తే, అందులోని మాటలు వెతికితే సరిగ్గా దొరికేవి కావు. చూపులేని వాళ్లకు పేజీని చదివి వినిపించే ప్రోగ్రామ్‌లకూ ఇబ్బందే.

2007లో ఐఫోన్ వచ్చింది. అందులో ఫ్లాష్ పనిచేయలేదు. బ్యాటరీ త్వరగా అయిపోతుందని, భద్రత చాలదని, వేలితో తాకే తెరకు సరిపోదని 2010లో స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖలో రాశారు.

చివరికి అడోబీయే 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌ను ఆపేసింది. దాంతో ఎందరో కష్టపడి చేసిన ఆటలు, కార్టూన్లు తెరుచుకోలేదు. కొన్నిటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ దాచిపెట్టింది. "రఫుల్" అనే ప్రోగ్రామ్‌తో వాటిని ఇప్పుడూ ఆడవచ్చు. మిగిలినవి అన్నీ అంత అదృష్టం చేసుకోలేదు.

మీరు చేసేటప్పుడు

ఇప్పుడు హెచ్‌టీఎంఎల్5, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లతో బొమ్మలు కదిలించవచ్చు. ఇవి ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావు. ప్లగిన్ కూడా అక్కర్లేదు. అయినా జాగ్రత్త అవసరమే. "అ" ఎలా రాయాలో చూపే పేజీ మీరు చేశారనుకోండి. అక్షరం రాసే తీరును బొమ్మతో కదిలించండి, బాగుంటుంది. కానీ కింద ఉండే తెలుగు మాటలను బొమ్మగా పెట్టకండి, అక్షరాలుగానే టైపు చేయండి. అప్పుడు వేరే దేశంలో ఉన్న తెలుగు పిల్లలు కూడా వాటిని వెతికి పట్టుకోగలరు, కాపీ చేసుకోగలరు, వినగలరు.

ఆలోచించి చెప్పండి

1. ఫ్లాష్ ఫైళ్లు ఎందుకు చిన్నవిగా ఉండేవి?
2. ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడితే ఏం జరగవచ్చు?
3. అమ్మనో నాన్ననో అడిగి, వాళ్లు చిన్నప్పుడు ఆడిన ఒక కంప్యూటర్ ఆట గురించి తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి.