వార్తల్లో పదం: లీన్ ఇన్

‘లీన్ ఇన్’ అంటే ముందుకు వంగడం. వెనక్కి తగ్గకుండా పనిలోకి దూసుకెళ్లడమని భావం. 2013లో ఫేస్‌బుక్ ఉన్నతాధికారిణి షెరిల్ శాండ్‌బర్గ్ ఇదే పేరుతో పుస్తకం రాశాక అమెరికా ఆఫీసుల్లో ఈ మాట మార్మోగింది. సమావేశాల్లో ఆడవాళ్లు గోడవారన కాక బల్ల దగ్గరే కూర్చోవాలి, పిల్లలు పుట్టకముందే ఆశలు తగ్గించుకోకూడదు, ఇంటిపనిలో భర్తకూ సగం వాటా ఉండాలి అన్నారామె.

స్త్రీవాదులంతా ఒప్పుకోలేదు.

జాతి, వర్గం ఊసెత్తకుండా కంపెనీ మెట్లెక్కడమే స్త్రీవాదమా అని నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ అదే ఏడాది నిలదీశారు. అమెరికా విదేశాంగ శాఖలో పెద్ద పదవి వదిలివచ్చిన ఆన్-మేరీ స్లాటరైతే, మారాల్సింది పని పద్ధతులేనని 2012లోనే రాశారు. ఈ వాదనే బలమైనది. అక్కడి 1993 నాటి కేంద్ర చట్టం బాలింతకు ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. 50 మందికన్నా తక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థలకు అదీ వర్తించదు.