ఆ రాత్రి నాయిన షుగర్ 286

కిందటి యాసంగి వడ్లు అమ్మే రోజులవి. మాది ఆత్మకూర్ (ఎస్) మండలం. ఐకేపీ సెంటర్ కాడ వడ్ల కుప్ప మీద టార్పాలిన్ కప్పుతూ నాయిన కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. ఎడమ దవడ గుంజుతోందన్నాడు. ఛాతీలో నొప్పి మాత్రం పెద్దగా లేదు. "ఏం కాలే బిడ్డా, గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకోబోయాడు. అవ్వ లొల్లి చేస్తే 108కి ఫోన్ చేశాం. (మన రెండు రాష్ట్రాల్లో ఆత్మకూర్లు చాలా ఉన్నాయి. యాదాద్రి భువనగిరిలో ఆత్మకూర్ (ఎం) ఉంది, వనపర్తిలో ఒకటి, నంద్యాలలో ఒకటి, నెల్లూరులో ఒకటి. కాబట్టి ఫోన్‌లో "సూర్యాపేట ఆత్మకూర్" అని జిల్లాతో కలిపి చెప్పడం మర్చిపోవద్దు.)

సూర్యాపేటలో ఈసీజీ తీశారు. గుండెపోటే. వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 286.

"మా నాయినకు షుగర్ లేదు మేడమ్" అన్నాను. నిజానికి నేను చెప్పాల్సిన మాట "ఎన్నడూ పరీక్ష చేయించలేదు" అని.

సెలైన్ పక్కన ఇన్సులిన్ పంపు పెట్టారు. గంటకు 251. ఇంకో గంటకు 228. నాకు ఓపిక పోయింది. "ఇంకింత ఇన్సులిన్ ఎక్కియ్యరాదా సిస్టర్? 100కు తేవాలి గదా!" అన్నాను. ఆమె "తొందరపడకు తమ్మీ. ఇప్పుడు మీ నాయినకు 100 వద్దు. 180 లోపలికి వస్తే చాలు" అంది.

నార్మల్ ఎందుకు వద్దు? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

షుగర్ లేనోళ్లకూ ఎందుకు పెరుగుతుంది?

గుండెపోటు వచ్చిందంటే ఒంటికి అది యుద్ధం లెక్క. అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. కాలేయం దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. అదే సమయంలో ఇన్సులిన్ మాట కణాలు సరిగ్గా వినవు. అందుకే ఎన్నడూ షుగర్ లేని మనిషికి కూడా ఆ గంటల్లో 200 దాటవచ్చు. దీన్ని స్ట్రెస్ హైపర్‌గ్లైసీమియా అంటారు.

ఇంకో రకం వాళ్లూ ఉంటారు. వాళ్లకు ఏళ్లుగా షుగర్ ఉంటుంది, తెలియదు అంతే. గుండెపోటు రోజే అది బయటపడుతుంది. గ్లూకోమీటర్ చూసి ఈ ఇద్దరినీ వేరు చేయలేం. దానికి హెచ్‌బీఏ1సీ పరీక్ష కావాలి. అది దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఒక్క రాత్రి ఒత్తిడితో మారదు. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 లేదా ఆపైన అయితే షుగర్ ఉన్నట్టు. రక్తహీనత ఉన్నవాళ్లలో మాత్రం ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు.

పెరిగితే గుండెకేం నష్టం?

ఎక్కువ గ్లూకోజు ఉన్న రక్తంలో ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కుంటాయి. అసలు గుండెపోటుకు కారణమే గడ్డ. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. మూత్రం ఎక్కువ పోయి ఒంట్లో నీళ్లు తగ్గుతాయి. ఇన్సులిన్ పని చేయనప్పుడు గుండె కండరం కొవ్వు ఆమ్లాల మీద ఎక్కువ ఆధారపడుతుంది. అంతే శక్తికి వాటికి గ్లూకోజు కన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. ఆక్సిజనే కరువైన చోట అది పెద్ద భారం. ఆసుపత్రికి వచ్చినప్పుడు షుగర్ బాగా ఎక్కువ ఉన్నవాళ్లలో, వాళ్లకు ముందు షుగర్ లేకపోయినా, ప్రమాదం ఎక్కువని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది.

మరి టక్కున దించేస్తే?

ఇక్కడే నేను పొరపడ్డాను. కాలువ తూము ఎత్తంగనే చివరి మడికి నీళ్లు రావు. రాలేదని ఇంకింత ఎత్తితే, కాసేపటికి ఆ నీళ్లన్నీ కలిసొచ్చి ఒడ్డు తెంపుతాయి. మన కంట్రోల్ సిస్టమ్స్ భాషలో చెప్పాలంటే డెడ్ టైమ్ ఉన్న సిస్టమ్‌లో గెయిన్ పెంచితే వచ్చే ఓవర్‌షూట్. ఇన్సులిన్‌కూ ఆ ఆలస్యం ఉంది. పైగా ఈ సిస్టమ్‌లో రీడింగ్ గంటకోసారే వస్తోంది.

ఓవర్‌షూట్ అయి షుగర్ 70 కిందికి పడితే శరీరం మళ్లీ అడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఇన్సులిన్ పొటాషియాన్ని కూడా కణాల్లోకి తోస్తుంది. రక్తంలో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పవచ్చు. గాయపడ్డ గుండెకు ఇది రెండో దెబ్బ. గుండె రోగులకు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వణుకు, గుండెదడ లాంటి హెచ్చరికలను కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది.

180 అనే అంకె ఎట్లా వచ్చింది?

1995లో స్వీడన్‌లో డిగామి అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. గుండెపోటుతో పాటు షుగర్ ఎక్కువ ఉన్న 620 మందిలో సగం మందికి ఇన్సులిన్-గ్లూకోజు ఎక్కించి, తర్వాత కూడా ఇన్సులిన్ కొనసాగించారు. ఏడాదిలో చనిపోయినవాళ్లు 26 శాతం నుంచి 19 శాతానికి తగ్గారు. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో సర్జికల్ ఐసీయూ రోగుల షుగర్‌ను 80-110 మధ్య గట్టిగా పట్టి ఉంచితే మరణాలు తగ్గాయి. దాంతో చాలా చోట్ల ఐసీయూల్లో నార్మల్‌కు తేవడమే లక్ష్యమైంది.

2005లో వచ్చిన డిగామి-2లో ఆ లాభం మళ్లీ కనబడలేదు. 2009లో నైస్-షుగర్ పరిశోధన వచ్చింది. 6,104 మంది ఐసీయూ రోగులు, అన్ని రకాల జబ్బులవాళ్లు. 81-108 మధ్య గట్టిగా పట్టిన గుంపులో 90 రోజుల్లో 27.5 శాతం మంది చనిపోయారు. 180 లోపు ఉంటే చాలనుకున్న గుంపులో 24.9 శాతం. షుగర్ ప్రమాదకరంగా పడిపోయినవాళ్లు మొదటి గుంపులో 6.8 శాతం, రెండో దాంట్లో 0.5 శాతం.

అప్పటినుంచి సాధారణ పద్ధతి ఇది: 180 దాటి నిలిచిపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాలి, ఎక్కువమందిని 140-180 మధ్య ఉంచాలి, తరచూ కొలవాలి. సిస్టర్ చెప్పిన ఆ ఒక్క మాట వెనక ఇన్నివేల మంది రోగులున్నారు.

ఇంట్లోవాళ్లుగా మనం చేయాల్సినవి

- షుగర్ మాత్రలు వాడుతుంటే వాటి చీటీ, మాత్రలు వెంట తీసుకుపోండి. కిడ్నీ పరిస్థితిని, యాంజియోగ్రామ్ మందును బట్టి మెట్‌ఫార్మిన్‌ను డాక్టర్లు కొన్నిరోజులు ఆపవచ్చు. ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లనే అడగండి.
- ఐసీయూలో ఉన్న మనిషికి చాటుగా ఇడ్లీలు, జ్యూసులు ఇవ్వకండి. ఇన్సులిన్ లెక్క తప్పుతుంది.
- ఇంటికొచ్చాక షుగర్ 70 కన్నా తగ్గితే, మనిషి మెలకువగా ఉంటే మూడు నాలుగు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.
- చాలా ఏళ్లుగా షుగర్ ఉంటే నరాలు మొద్దుబారి గుండెనొప్పి తెలియకపోవచ్చు. చెమట, ఆయాసం, దవడ గుంజుడు, వాంతి కనబడితే "గ్యాస్" అని సోడా తాగించకండి.

నాయిన హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చింది. అంటే ఆ రాత్రి 286లో ఒత్తిడి ఒక్కటే లేదు, మేం పట్టించుకోని పాత షుగర్ కూడా ఉంది. ఆ దవడ గుంజుడు వెనక కూడా అదే ఉందేమో. ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. వాళ్లలో మన ఇంటివాళ్లు ఉన్నారో లేదో ఒక చిన్న పరీక్షతో తెలుస్తుంది.

ఇప్పుడు నాయిన పొద్దున్నే గ్లూకోమీటర్‌లో చూసుకుని ఫోన్ చేస్తాడు. "118 బిడ్డా, పాసైన" అంటాడు. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంట్లోనూ అడగండి, షుగర్ ఉందా అని కాదు, పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు అని.