ఉగ్గు గిన్నెలో కొల్లేటి చేప

ద్వారకా తిరుమల కొండకు వెళ్లి, వెంకన్న ఎదుట బిడ్డ నాలుకకు పరమాన్నం అంటించడం ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు చాలా ఇళ్లలో ఆనవాయితీ. ఈ అన్నప్రాసనకు మగపిల్లాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల అంటారు. అలాగని ఆడపిల్లకు అయిదో నెలలోనే తొందరపడనక్కర్లేదు, ఏడో నెలా బేసి నెలే. వేడుక ఎప్పుడు చేసినా రోజువారీ ముద్దలు మాత్రం ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టాలి. అప్పటిదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆరు నెలలే ఎందుకు? తల్లి కడుపులో కూడబెట్టుకున్న ఇనుము దాదాపు అప్పటికి తరిగిపోతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. ఆ లోటును పలచటి గంజి, పప్పుకట్టు పూడ్చలేవు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతోనే నిండిపోతుంది. అందుకే ఉగ్గు చెంచాలోంచి జారిపోనంత చిక్కగా ఉండాలి. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పొడి చేసి, మెత్తగా ఉడికించి, కాస్త నెయ్యి వేయండి. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిది నెలలు నిండాక మూడు నాలుగుసార్లు. కొత్త పదార్థం ఏదైనా ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజుల ఎడంతో పెట్టి చూడండి. చక్కెరకేళి అరటిపండు, గుడ్డు, ఆకుకూర అన్నీ ఇలాగే అలవాటు చేయొచ్చు.

ఇక చేప సంగతి. కొల్లేటి చుట్టూ కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్ దాకా వెళ్తాయి. అక్కడ బిడ్డకు అన్నప్రాసన నాడే అన్నంతోపాటు చేపా వడ్డిస్తారు. ఇక్కడ చెరువు గట్టునున్న ఇంట్లోనే, పళ్లు వచ్చేదాకా చేప వద్దంటారు. నిజానికి చేపలోని మాంసకృత్తులు, ఇనుము, జింకు ఏడో నెల బిడ్డకు కావలసినవే. ముల్లు తక్కువగా ఉండే కొరమీను మేలు. బొచ్చె అయితే పొట్టభాగం తీసుకోండి. ఉప్పూకారం లేకుండా బాగా ఉడికించి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పొరపొరగా విడదీసి నలపండి. దాగిన సన్నముల్లు మీ వేలికి తగులుతుంది, బిడ్డ గొంతు దాకా పోదు. ఆ గుజ్జును అన్నంలో కలపండి.

ఏడాది దాకా ఉప్పు, చక్కెర వేయొద్దు. తేనె అసలే నాకించొద్దు, అందులో ఉండగల సూక్ష్మక్రిములు పసిబిడ్డకు ప్రాణాపాయం తేవచ్చు. కొల్లేటి లంకల్లో నీళ్లు కాచి చల్లార్చాకే వాడాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డ వాటా, ఇంటిల్లిపాదీ పంచుకునేది కాదు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైనా ఇవ్వొచ్చు.

ఈసారి ఇంట్లో చేపల పులుసు పెట్టేటప్పుడు, ఉప్పూకారం వేయకముందే ఒక ముక్క బిడ్డ పేరున పక్కన పెట్టండి.