రోలర్ కోస్టర్ భయతీవ్రత: జంకే ప్రయాణికుల దృష్టితో ఒక అంచనా పద్ధతి

వ్యాససంగ్రహం

థీమ్ పార్కులోని ఒక రోలర్ కోస్టర్ ఎంత భయపెడుతుందన్న ప్రశ్నకు సాధారణంగా దాని ఎత్తు, వేగం, తలకిందులయ్యే చుట్ల సంఖ్య సమాధానంగా లభిస్తాయి. ఇవి యంత్రాన్ని వర్ణిస్తాయి గాని ప్రయాణికుని అనుభవాన్ని వర్ణించవు. భయకారకాలను నిరీక్షణ, పతనం, దృశ్యం, భ్రమణం, బంధనం అని ఐదుగా విభజించి, మూడు ప్రసిద్ధ కోస్టర్లకు అన్వయించి చూపడం, తద్ద్వారా జంకేవారికి ఉపకరించే అంచనా పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రోలర్ కోస్టర్, భయం, ప్రమాదం, నిరీక్షణ, భయానకరసం, థీమ్ పార్కు.

1. ప్రవేశిక

రోలర్ కోస్టర్ ముందు నిలబడి "భయంగా ఉంటుందా?" అని అడిగేవారికి తోటివారి నుంచి తరచుగా వచ్చే జవాబు "ఏం కాదు, ఎక్కు". ఈ ప్రశ్నకూ ఈ జవాబుకూ పొంతన లేదు. అడిగినవారు తమకు ఏమనిపిస్తుందో తెలుసుకోగోరారు. జవాబు చెప్పినవారు ఏమీ జరగదని హామీ ఇచ్చారు. మొదటిది భయానికి సంబంధించినది, రెండవది ప్రమాదానికి సంబంధించినది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల జంకేవారికి రెండు విధాల నష్టం కలుగుతుంది. తమకు తగని కోస్టర్ ఎక్కి ఇక జన్మలో ఎక్కకూడదని నిశ్చయించుకునేవారు కొందరు. తమకు ఆనందం కలిగించగల కోస్టర్‌ను కూడా చూపులతోనే తిరస్కరించేవారు మరికొందరు. పిల్లల విషయంలో ఈ నష్టం మరింత గాఢమైనది. సమ్మతి పూర్తిగా లేకుండా ఎక్కించిన ఒక్క ప్రయాణం, ఎక్కించిన పెద్దల మాటపై ఉన్న నమ్మకాన్ని కూడా సడలించవచ్చు.

అందువల్ల "ఎంత భయం?" అనే ప్రశ్నను "ఏ విధమైన భయం?" అనే ప్రశ్నగా మార్చుకోవలసి ఉంది.

2. చారిత్రక నేపథ్యం

రోలర్ కోస్టర్‌కు పూర్వరూపం రష్యాలోని మంచు జారుడు దిబ్బలు. చెక్క కట్టడాలపై మంచు పేర్చి, ఏటవాలుగా జారే ఈ వినోదం సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిసరాలలో ప్రాచుర్యం పొందింది. ఫ్రెంచి భాషలో నేటికీ రోలర్ కోస్టర్‌ను "రష్యన్ పర్వతాలు" అనే అర్థం గల పేరుతో వ్యవహరిస్తారు. 1884లో లామార్కస్ థాంప్సన్ న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో స్విచ్‌బ్యాక్ రైల్వేను ప్రారంభించాడు. దాని వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు, అంటే సైకిలు వేగం కన్నా తక్కువ. అయినా జనం దానికోసం బారులు తీరారు.

1895లో అదే కోనీ ఐలాండ్‌లో వెలసిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే పూర్తి వృత్తాకారపు చుట్టుతో నిర్మితమైంది. వృత్తంలోకి ప్రవేశించగానే శరీరంపై బలం హఠాత్తుగా పెరిగి మెడకు బాధ కలిగేది. ఈ సమస్యకు 1976లో కాలిఫోర్నియాలోని మేజిక్ మౌంటెన్ పార్కులో ప్రారంభమైన గ్రేట్ అమెరికన్ రివల్యూషన్ నిలకడైన పరిష్కారం చూపింది. జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ చుట్టును నీటిబొట్టు ఆకారంలోకి మార్చి, వంపు క్రమంగా పెరిగి క్రమంగా తగ్గేటట్లు రూపొందించాడు. ఇందువల్ల బలాలు అదుపులో ఉండి, చుట్టు తిరుగుతున్నంతసేపూ శరీరం సీటుకు అదిమినట్లు ఉంటుంది. నేల మీద నుంచి చూసేవారికి అత్యంత భయంకరంగా తోచే ఈ భాగం కూర్చున్నవారికి చాలాసార్లు తేలికగా గడిచిపోతుంది. కనుక తలకిందులయ్యే చుట్ల సంఖ్యను బట్టి భయాన్ని లెక్కించడం సరికాదు.

3. శరీరం గ్రహించే అంశాలు

సంఖ్యలలో ఎక్కువగా ప్రచారం పొందేది వేగం. అయితే శరీరానికి వేగాన్ని నేరుగా గ్రహించే ఇంద్రియం లేదు. నిలకడగా గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానంలో ప్రయాణికులు నిద్రపోగలరు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు భ్రమణంలో వచ్చే మార్పును, ఓటోలిత్ అవయవాలు సరళరేఖలోని త్వరణాన్ని, తల వంపును గ్రహిస్తాయి. అంటే వేగం కన్నా వేగంలో వచ్చే మార్పే శరీరానికి తెలుస్తుంది. కోస్టర్ లోయ అడుగున శరీరం బరువెక్కుతుంది. శిఖరం దాటే వేళ తేలికై సీటు నుంచి లేచినట్లుంటుంది. జంకేవారిలో చాలామందికి దుస్సహమయ్యేది ఈ రెండవ స్థితి.

ఈ స్థితులను తెలుగు నుడికారం విడివిడిగా గుర్తించడం గమనార్హం. "గుండె దడదడలాడటం" ఎదురుచూపులో కలిగే భయం. "గుండె జారిపోవడం" పతనవేళ కలిగేది. "కాళ్లు వణకడం" ఎత్తు నుంచి కిందికి చూసినప్పటి స్థితి. "కళ్లు తిరగడం" భ్రమణఫలితం. "ఊపిరాడకపోవడం" బంధింపబడినట్లు తోచినప్పటిది. వ్యవహారంలో ఇవన్నీ భయమనే ఒక్క మాటలో ఇమిడిపోయినా, అనుభవంలో ఇవి వేర్వేరు. ఒక వ్యక్తి వీటిలో ఒకదానిని లెక్కచేయక మరొకదానికి తల్లడిల్లవచ్చు.

ఈ నుడికారాల ఆధారంగానే భయకారకాలను నిరీక్షణ, పతనం, దృశ్యం, భ్రమణం, బంధనం అని ఐదుగా గ్రహించవచ్చు. వీటిలో భ్రమణం వల్ల కలిగే వికారాన్ని భయం నుంచి వేరుచేయడం అవసరం. కన్ను చెప్పేదానికీ చెవి చెప్పేదానికీ పొత్తు కుదరనప్పుడు కడుపులో తిప్పుతుంది. ధైర్యవంతులకూ ఇది తప్పదు.

4. మూడు కోస్టర్ల పరిశీలన

4.1. స్పేస్ మౌంటెన్: అమెరికాలోని ఫ్లోరిడాలో, డిస్నీ మేజిక్ కింగ్‌డమ్‌లో 1975లో ప్రారంభమైంది. దీని గరిష్ఠవేగం గంటకు సుమారు 45 కిలోమీటర్లు. తలకిందులయ్యే చుట్టు ఒక్కటీ లేదు. ఎక్కడానికి కావలసిన కనీస ఎత్తు 112 సెంటీమీటర్లు. అంకెలను బట్టి ఇది సౌమ్యమైనది. కాని ప్రయాణం చీకటిలో సాగుతుంది. ముందున్న మలుపు కనబడదు గనుక శరీరం దానికి సిద్ధపడలేదు. ఎత్తుకు జంకేవారికి ఈ చీకటి మేలు చేస్తుంది, కింద ఎంత లోతుందో తెలియదు. అనిశ్చితికి జంకేవారికి అదే చీకటి బాధాకరమవుతుంది.

4.2. మిలీనియం ఫోర్స్: ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్ పార్కులో 2000లో ప్రారంభమైంది. ఎత్తు 94 మీటర్లు, గరిష్ఠవేగం గంటకు సుమారు 150 కిలోమీటర్లు. కనీస ఎత్తు నిబంధన 122 సెంటీమీటర్లు. ఇక్కడ కూడా తలకిందులయ్యే చుట్లు లేవు. దారి మొత్తం పట్టపగలు కంటికి కనబడుతుంది. పతనం, దృశ్యం తీవ్రమైనవి. భ్రమణం స్వల్పం. భుజాల మీదికి దిగే పట్టీ లేకుండా ఒడిని పట్టి ఉంచే కడ్డీ, బెల్టు మాత్రమే ఉంటాయి. బిగింపును సహించలేనివారికి ఇది హాయి. "ఇంతేనా పట్టుకునేది?" అని శంకించేవారికి ఇదే కలవరం.

4.3. ఒబ్లివియన్: ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్‌లో 1998లో ప్రారంభమైంది. దాదాపు నిట్టనిలువుగా నేలలోని సొరంగంలోకి దిగే ఒకే ఒక్క పెద్ద పతనం దీని ప్రధానాంశం. ఆ అంచున బండి కొద్ది సెకన్లు ఆగి, ప్రయాణికులు కిందికి చూసేటట్లు చేస్తుంది. కనీస ఎత్తు నిబంధన 140 సెంటీమీటర్లు. దీని భయమంతా ఆ ఆగిన సెకన్లలో ఉంది. 2006లో గ్రెగరీ బర్న్స్ బృందం సైన్స్ పత్రికలో ప్రకటించిన ప్రయోగంలో, కొందరు పాల్గొన్నవారు తక్కువ తీవ్రత గల విద్యుదాఘాతం కోసం ఎక్కువసేపు వేచి ఉండటం కన్నా, ఎక్కువ తీవ్రత గలదానిని వెంటనే పొందడానికే మొగ్గు చూపారు. ఎదురుచూపు స్వయంగా ఒక బాధ అని ఇది సూచిస్తుంది. ఒబ్లివియన్ రూపకర్తలు ఆ బాధనే వినోదంగా మలచారు.

ఈ మూడింటినీ ఒకే కొలబద్దపై తక్కువ, మధ్యమం, ఎక్కువ అని వరుసపెట్టడం సాధ్యమే. కాని చీకటికి జంకే వ్యక్తికి ఆ వరుస తలకిందులు కావచ్చు. కనీస ఎత్తు నిబంధన కూడా భయసూచిక కాదు. రక్షణపట్టీ శరీరానికి సరిగా అమరడానికి అది ముఖ్యంగా ఉద్దేశింపబడింది. పిల్లవాడు ఆ గీతను దాటినంత మాత్రాన కోస్టర్‌కు మానసికంగా సిద్ధమైనట్లు కాదు.

తెలుగువారికి చేరువలోని ఉదాహరణ హైదరాబాదు వండర్‌లాలోని రీకాయిల్. ఇందులో బండి వెనుకకు కూడా ప్రయాణిస్తుంది. వెనుకకు పోయేటప్పుడు వెలుతురు ఉన్నా రాబోయేది కనబడదు. స్పేస్ మౌంటెన్ చీకటితో సాధించే అనిశ్చితిని ఇది దిశతో సాధిస్తుంది.

5. అంచనా పద్ధతి

పై పరిశీలన నుంచి ఈ క్రింది పద్ధతిని ప్రతిపాదించవచ్చు. మొదట ప్రయాణికుడు తనకు తెలిసిన అనుభవాల ఆధారంగా ఐదు కారకాలకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేసుకోవాలి. తిరునాళ్లలో జెయింట్ వీల్ ఎక్కినవారికి శిఖరాన ఆగినప్పుడు జంకు కలిగిందా, కిందికి దిగేటప్పుడా అన్నది గుర్తుండే ఉంటుంది. మొదటిది నిరీక్షణనూ దృశ్యాన్నీ, రెండవది పతనాన్నీ తెలుపుతుంది. రంగులరాట్నం భ్రమణానికీ, కిక్కిరిసిన లిఫ్టు బంధనానికీ గీటురాళ్లు. అనంతరం ఎక్కదలచిన కోస్టర్‌కు అవే ఐదు అంశాలలో మార్కులు వేయాలి.

ఇక్కడ ప్రధానసూత్రం ఒకటి ఉంది. మార్కులను కూడకూడదు. కోస్టర్ ఐదింటిలో నాలుగు అంశాలలో సున్నా పొంది, ప్రయాణికునికి అత్యంత దుస్సహమైన అయిదవ అంశంలో మూడు పొందితే, మొత్తం స్వల్పమే గాని భయం స్వల్పం కాదు. జంకేవారి అనుభవాన్ని నిర్ణయించేది సగటు కాదు, శిఖరం. డేనియల్ కానెమన్, బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ ప్రభృతుల పరిశోధనలు కూడా ఒక అనుభవపు జ్ఞాపకాన్ని దాని తీవ్రక్షణం, ముగింపు ఎక్కువగా నిర్ణయిస్తాయని చెప్పాయి. దిగివచ్చినవారు నవ్వుతూ "ఏం లేదు" అనడంలో ఈ ముగింపు పాత్ర ఉంది. అది ఊరట పలికించిన మాట. వారి సాక్ష్యాన్ని స్వీకరించేటప్పుడు "ఎలా ఉంది?" అని గాక "ఏ చోట కళ్లు మూసుకున్నారు?" అని అడగడం ఉపయుక్తం.

సీటు ఎంపిక కూడా అంచనాలో భాగమే. ముందు వరుసలో దృశ్యం తీవ్రం. వెనుక వరుస శిఖరాన్ని చేరేసరికి ముందు పెట్టెలు కిందికి లాగుతుంటాయి గనుక అక్కడ పతనం తీవ్రం. మొదటిసారి ఎక్కేవారికి నడిమి వరుసలు అనుకూలం. గుండెజబ్బు, గర్భం, మెడ, వెన్ను సమస్యలు ఉన్నవారి విషయం వేరు. అక్కడ అంచనాకు తావు లేదు, హెచ్చరిక ఫలకాన్ని పాటించడమే కర్తవ్యం.

6. భయం ఆనందమయ్యే తీరు

అంచనా లక్ష్యం భయాన్ని పూర్తిగా తొలగించడం కాదు. 2020లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో మార్క్ ఆండర్సన్ బృందం డెన్మార్కులోని ఒక వినోద భూతగృహాన్ని సందర్శించిన 110 మందిని పరిశీలించింది. భయం మరీ తక్కువైనప్పుడూ మరీ ఎక్కువైనప్పుడూ ఆనందం తగ్గి, మధ్యస్థాయిలో అధికంగా ఉన్నట్లు వారు గుర్తించారు. ఆ మధ్యస్థాయి వ్యక్తి నుంచి వ్యక్తికి మారుతుంది.

ఈ సందర్భంలో భారతీయ అలంకారశాస్త్రపు భయానకరసాన్ని స్మరించవచ్చు. నాట్యశాస్త్రం భయానకానికి వికృతధ్వనులు, శూన్యగృహం, అరణ్యం వంటి విభావాలను పేర్కొంది. స్థాయిభావం భయం. అయితే అభినవగుప్తుని వ్యాఖ్య ప్రకారం సహృదయుడు ఆస్వాదించేది వ్యక్తిగతమైన భయం కాదు, సాధారణీకృతమైన భయం. "ఇది నాకు సంభవిస్తున్నది" అన్న భావన తొలగితేనే రసాస్వాదం. రోలర్ కోస్టర్ ఈ నియమానికి ఎదురు నిలుస్తుంది. ఇక్కడ పడుతున్నది ప్రేక్షకుని శరీరమే. అయినా ఆనందం సాధ్యమవుతున్నది. మనస్తత్త్వవేత్త మైకేల్ ఆప్టర్ దీనికి కారణంగా రక్షణచట్రాన్ని పేర్కొన్నాడు. అపాయం ఎదురుగా ఉన్నా అది తనను తాకదన్న విశ్వాసమే ఆ చట్రం. అది ఉన్నంతసేపు ఉద్వేగం ఉల్లాసంగా, అది తెగిన క్షణాన అదే ఉద్వేగం భీతిగా అనుభవమవుతుంది.

బలవంతంగా ఎక్కించడం ఎందుకు వికటిస్తుందో దీనివల్ల బోధపడుతుంది. తన ఇష్టంతో ఎక్కినవానికి దిగే నిర్ణయం కూడా తనదేనన్న భావన రక్షణచట్రంలో ఒక భాగం. ఒత్తిడితో ఎక్కినవానికి పట్టీ బిగిసినప్పుడే ఆ చట్రం సడలుతుంది.

7. ముగింపు

రోలర్ కోస్టర్ భయం ఎత్తు, వేగం, చుట్ల సంఖ్యలతో కొలవదగినది కాదని, అది ఐదు భిన్న కారకాల రూపంలో ఉంటుందని, వాటిలో ఒక్కటే ఒక వ్యక్తి అనుభవాన్ని శాసించగలదని ఈ వ్యాసం నిరూపించ యత్నించింది. కారకాలను పేరుపేరునా సూచించే ఫలకాలను పార్కులు వరుసల ఆరంభంలోనే ఉంచితే జంకేవారు తమకు తగినదానిని ఎంచుకోగలరు. అట్టి ఫలకాలు లేనిచోట ఆ బాధ్యత తోడు వచ్చినవారిది. "ఏం కాదు" అనడానికి బదులు "మొదట నెమ్మదిగా పైకి పోతుంది, ఒక్కసారి జారుతుంది, ఆ తరువాత చీకటి ఉండదు" అని చెప్పగలగడం వారు చేయదగిన సాయం. విన్నవారు అప్పటికీ వద్దంటే, అది పిరికితనం కాదు, పూర్తి సమాచారంతో తీసుకున్న నిర్ణయం.