గాయమునకు ముందటి వైద్యము

మన వాడుకలో ప్రమాదము అను మాటకు తోడుగా విధి అను మాట వినవచ్చుచుండును. రోడ్డుమీద దెబ్బతిని బ్రదికినవానిని చూచి ‘గండము గడిచినది’ అందుము. ప్రాణము పోయినచో ‘నొసటి వ్రాత’ అని నిట్టూర్తుము. దుఃఖములో నున్న కుటుంబమునకు ఆ మాటలు కొంత ఓదార్పు నీయవచ్చును. కాని గాయపడినవారిని చేర్చుకొను ఆసుపత్రి వాకిట ఒక పుస్తకముండును. ఎవరు, ఏ వేళ, ఏ ఊరి దగ్గర, ఏ బండిమీద దెబ్బతినిరో అందు వ్రాయుదురు. ఆ పుస్తకమును ఒక దినము చదివినచో విధియే కనబడవచ్చును. ఒక సంవత్సరము పుటలను వరుసగా చదివినచో మాత్రము అదే మలుపు, అదే సాయంకాలపు వేళ, అదే కారణము మరల మరల కనబడును. గండమునకు కూడ ఊరు, పేరు, వేళ ఉన్నవని అప్పుడు తెలియును. తెలిసినదానిని తప్పించుటకు దారి యుండును. గాయములకు చికిత్స చేయు కేంద్రము గాయములను నివారించు పనికి కూడ ఎట్లు పూనుకొనవలయునో ఈ ప్రసంగములో విచారింతము.

తిరుపతి, చిత్తూరు ప్రాంతములకు ఈ విచారణ మరింత అవసరము. 2022 ఏప్రిల్‌లో ఇవి రెండు జిల్లాలుగా ఏర్పడినను, రహదారులు మాత్రము ఒక్కటే అల్లికగా ఉన్నవి. చెన్నైనుండి బెంగుళూరుకు పోవు లారీలు, కొండకు వచ్చు యాత్రికుల బస్సులు, మామిడికాయల కాలములో దామలచెరువు మండీలకు సాగు ట్రాక్టర్లు, పెరటాసి నెలలో గోవిందనామము చేయుచు రోడ్డు ప్రక్కన నడచివచ్చు భక్తులు, అందరును ఆ దారులనే పంచుకొనవలసియున్నారు. ఆపైన కనుమ దారులు. 2022 మార్చి 26వ తేదీ రాత్రి ధర్మవరమునుండి నిశ్చితార్థమునకు తిరుపతి వచ్చుచున్న వారి బస్సు భాకరాపేట కనుమలో లోయలో పడినది. చీకటిలో వారిని పైకి చేర్చుట ఎంతో కష్టమైనది. 2024 సెప్టెంబరు 13వ తేదీన మొగిలి కనుమలో ఆర్టీసీ బస్సును లారీ ఢీకొన్నది. రెండు తావులందును పలువురు మరణించిరి, మరెందరో గాయపడిరి. ఇట్టి పెద్ద ప్రమాదములు పత్రికలకెక్కును. దినమునకొకటిగా జరుగు మోటారు సైకిలు ప్రమాదములు ఊరు దాటి వినబడవు. దేశము మొత్తముమీద 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. అందులో నూటికి నలువది నలుగురికి పైగా ద్విచక్ర వాహనములమీద పోవువారే.

దెబ్బతిన్నవారిని ఆదుకొనుటకు మనకు సాధనములు లేకపోలేదు. తిరుపతిలో రుయా ఆసుపత్రి యున్నది. 1993లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అనగా స్విమ్స్, ఉన్నది. విరిగిన ఎముకలను సరిచేసి మనిషిని మరల నడిపించుటకు దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి యున్నది. చిత్తూరునకు దక్షిణమున, తమిళనాటి రాణిపేట వద్ద, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 2022లో రహదారి ప్రక్కనే పెద్ద ట్రామా కేంద్రమును తెరచిరి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు పల్లెపల్లెకు పరిచితమైనది. గాయపడిన తరువాతి మొదటి గంట అమూల్యమని అమెరికాలోని బాల్టిమోరు నగరపు శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ బోధించెను. మన మోటారు వాహనముల చట్టమును ఆ గంటను నిర్వచించి పేర్కొన్నది. ఇదంతయు ఎంతో ఉపకారము. అయినను ఇదంతయు దెబ్బ తగిలిన తరువాతి మాట. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట అవసరమే. చేతులు కాలకుండ చూచుట అంతకంటె మేలు.

విలియం హాడన్ అను అమెరికా వైద్యుడు 1970 ప్రాంతమున ఈ విషయమును ఒక చక్కని పట్టికగా కూర్చెను. ప్రమాదమునకు మూడు వేళలున్నవి: జరుగుటకు ముందు, జరుగునప్పుడు, జరిగిన పిదప. ప్రతి వేళను మనిషి, వాహనము, పరిసరము అను మూడింటినీ విడివిడిగా పరీక్షింపవలయును. ‘తప్పెవరిది?’ అని మాత్రమే అడిగినచో డ్రైవరు ఒక్కడే కనబడును. ఈ విధముగా అడిగినచో బ్రేకులు, మలుపు, దీపము, అడ్డుగోడ, అంబులెన్సు కూడ కనబడును.

ఇందుకు నిదర్శనము మన తిరుమల కొండమీదనే యున్నది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరచినప్పుడు ఎక్కు బండ్లకును, దిగు బండ్లకును అదొక్కటే దారి. తరువాత రెండవ రోడ్డు ఏర్పడినది. ఎక్కుటకు ఒకటి, దిగుటకు మరొకటి అని నిర్ణయించుటతో బండ్లు ఎదురెదురుగా ఢీకొను భయము ఆ మలుపులలో తొలగినది. వేగమును అరికట్టుటకు దేవస్థానమువారు ఒక చిన్న ఉపాయము పన్నిరి. కొండ ఎక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు పట్టవలయునని నియమించి, క్రిందను పైనను వేళ గుర్తించు ఏర్పాటు చేసిరి. అంతకు ముందే చేరిన బండి తొందరపడినదని గడియారమే సాక్ష్యము చెప్పును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి 80కి పెరిగినచో దాని వేగము రెండింతలే. కాని ఢీకొన్నప్పుడు విరుచుకొనిపడు శక్తి నాలుగింతలు. కనుక ఆ గడియారము చేయు మేలు చిన్నది కాదు. ఇక్కడ ఎవరికిని ఉపన్యాసము చెప్పలేదు, ఏర్పాటే ఉపదేశమైనది.

ఆసుపత్రి తన గోడలు దాటి చూచినప్పుడు ఏమి జరుగునో హ్యూ కెయిర్న్స్ చరిత్ర తెలుపును. 1935లో ఇంగ్లండులో లారెన్సు అను ప్రసిద్ధ సైనికుడు మోటారు సైకిలుమీదనుండి పడి తలకు దెబ్బతగిలి మరణించెను. ఆతనికి చికిత్స చేసిన వైద్యులలో కెయిర్న్స్ ఒకడు. ఆయన అంతటితో ఆ సంగతి మరువలేదు. మోటారు సైకిళ్ల ప్రమాదములలో తలకు తగిలిన దెబ్బల వివరములను ప్రోగుచేసి, 1941లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు చోదకులకు శిరస్త్రాణమును విధించెను. పౌరులకు ఆ చట్టము వచ్చుటకు మాత్రము 1973 వరకు పట్టినది. శిరస్త్రాణము, అనగా మన హెల్మెట్టు, మరణ భయమును నూటికి 42 పాళ్లు, తలగాయముల భయమును 69 పాళ్లు తగ్గించునని పెక్కు పరిశోధనలను క్రోడీకరించిన 2008 నాటి సమీక్ష తేల్చినది. ఒక వైద్యుడు తన రోగుల వివరములను వరుసగా పేర్చి చూచినందున ఎందరి తలలు దక్కినవో లెక్కకందదు. మనకు పొరుగుననున్న బెంగుళూరులో కూడ నిమ్‌హాన్స్ సంస్థవారు 2007లో ఇట్టి పనికి పూనుకొని, నగరములోని ఆసుపత్రుల వివరములను, పోలీసుల వివరములను ఒకచోట చేర్చి రోడ్డు గాయములను పరిశీలించిరి.

ఈ పనిని నడపుటకు ఒక మనిషి కావలయును. అమెరికాలో పెద్ద ట్రామా కేంద్రములకు గుర్తింపు లభింపవలెనన్న, గాయముల నివారణకై ప్రత్యేకముగా ఒక సమన్వయకర్త యుండవలయునని అక్కడి శస్త్రవైద్యుల కళాశాల నియమము చేసినది. వైద్యుడు రాత్రింబగళ్లు కత్తిపట్టి నిలువవలసినవాడు. ఆయనకు ఊరూర తిరుగు తీరిక లేదు. అందుచేత వేరొకరు ఆ పుస్తకమును చేతబట్టి బయటికి పోవలయును.

ఆ సమన్వయకర్త పని నాలుగు మెట్లుగా సాగును. మొదటిది, వివరము సరిగా వ్రాయించుట. ‘రోడ్డు ప్రమాదము’ అని ఒక్క మాట వ్రాసిన లాభములేదు. ఏ మైలురాయి దగ్గర, ఏ గంటకు, హెల్మెట్టు ఉన్నదా, ఎవరు తెచ్చిరి, ఎంతసేపటికి చేరిరి అని వ్రాయవలయును. రెండవది, నెలనెల ఆ వివరమును కూడి, తరచు గాయములగు తావులను గుర్తించుట. మూడవది, ఆ సంగతిని చెప్పవలసినవారికి చెప్పుట. మలుపున దీపము లేదన్నచో రహదారులశాఖకు, వేగమన్నచో పోలీసులకును రవాణా శాఖకును, పిల్లలు దెబ్బతినుచున్నారన్నచో బడులకు చెప్పవలయును. వీరందరును కూడి మాటలాడుటకు కలెక్టరుగారి అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా సంఘమున్నది. ఆ సభలో ఆసుపత్రి పుస్తకము కూడ బల్లమీద నుండవలయును. ఏలయన పోలీసు ఠాణాకు ఎక్కని గాయములు పెక్కు ఆసుపత్రికి చేరును. నాలుగవది, ఏర్పాటు జరిగిన ఆరు నెలలకు మరల పుస్తకము తెరచి, గాయములు తగ్గినవా లేదా అని సరిచూచుట. ఈ నాలుగవ మెట్టు లేనిచో ఎంత ప్రచారము చేసినను ఒకనాటి ఊరేగింపుగనే మిగులును.

గాయములన్నియు రోడ్డుమీదనే జరుగునని అనుకొనరాదు. కనుమ పండుగనాడు చంద్రగిరి మండలములోని రంగంపేటలో పశువుల పండుగ జరుగును. కొమ్ములకు కట్టిన పలకలకై యువకులు ఎద్దుల మీదికి దూకుదురు. ఏటేట పలువురు గాయపడుదురు. తేది తెలియును, ఊరు తెలియును. కనుక ఊరి పెద్దలతో ముందుగా కూర్చుండి, చూడవచ్చినవారికి బలమైన కంచె, సిద్ధముగా అంబులెన్సు, పిల్లలకు ఎడముగా స్థలము ఏర్పరచుట సాధ్యమే. చింతచెట్లెక్కి కాయ దులుపు కూలీలకు నడుమునకు త్రాడు కట్టుకొను అలవాటు చేయించుట కూడ ఇట్టిదే. ఆచారమును, జీవనమును నిందించువాని మాట ఊరు వినదు. వారితో కలసి ఆలోచించువాని మాట వినును.

ఇక దారిన పోవు మన మాట. గాయపడినవానిని చూచియు, పోలీసులు, కోర్టులు అను భయముతో తప్పుకొని పోవు అలవాటు మనలో నున్నది. ఆ భయమునకు చట్టములో ఇప్పుడు చోటు లేదు. సహాయము చేసినవారిని వేధింపరాదని సుప్రీంకోర్టు 2016లో ఆజ్ఞాపించినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 134ఎ సెక్షను వారికి రక్షణ నిచ్చుచున్నది. తన పేరు చెప్పవలయునని సహాయకుని నిర్బంధింపరాదు. 2025 మే నెలలో ప్రకటించిన పథకము ప్రకారము రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు దినములవరకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, నగదు చెల్లించకయే చికిత్స లభించును.

సహాయమనగా ఏమి చేయవలయునో కూడ ముందుగా నేర్చుకొనవలయును. 108కి ఫోను చేసి, తావు స్పష్టముగా చెప్పవలయును. కారుచున్న నెత్తురుమీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టవలయును. కాఫీపొడి, పసుపు చల్లరాదు. స్పృహ లేనివాని నోట నీళ్లు పోయరాదు. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలియుండునేమో కనుక మంటలవంటి అపాయము లేనిదే కాళ్లు చేతులు పట్టి లాగరాదు. కనుమ దారులలో టీకొట్టు నడపువారికి, ఆటోవారికి, బస్సు కండక్టర్లకు ఆసుపత్రివారు ఈ పాఠము చెప్పి, చేయించి చూపినచో, అంబులెన్సు వచ్చులోపల ఆ మొదటి గంట వృథా కాదు.

ఈ సేవలో ఒక చిక్కున్నది. వైద్యుడు బ్రదికించిన మనిషి నడచివచ్చి నమస్కరించును. నివారణవలన దక్కినవాడు తాను దక్కితినని కూడ ఎరుగడు. తన దారిన తాను ఇల్లు చేరును. అందుచేతనే ఈ పనికి ధనము, మనుషులు, మన్నన ఆలస్యముగా వచ్చును. మా వంతు మాటను ఇంటింటికి చేర్చుట. మీ వంతు ఇది: మీ ఊరికి దగ్గరలో ప్రమాదములు జరుగు తావు ఏదో మీకు తెలియును. దానిని పంచాయతీ కాగితముమీద వ్రాయించి, పెద్ద ఆసుపత్రికి, కలెక్టరుగారికి పంపుడు. మీ ఇంటి అబ్బాయి బండి తీయునప్పుడు హెల్మెట్టు తలమీదనున్నదో, పెట్రోలు తొట్టిమీదనున్నదో ఒక్కసారి చూడుడు.