సీతాఫల్‌మండి ఓటరు గారూ, ఇవి మీకు తెలుసా?

ఒక పక్క ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకో పక్క లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మధ్యలో వారాసిగూడ, చిలకలగూడ, నామాలగుండు. రాజకీయం మాట్లాడకుండా చాయ్ దిగని ప్రాంతం ఇది. ఎవరు గెలుస్తారో, ఎవరు ఏ పార్టీలోకి దూకుతారో మనవాళ్లు వేళ్ల మీద లెక్క చెబుతారు. మన ఓటు ఎక్కడికి పోతుంది, ఓటేశాక మన చేతిలో ఏం మిగులుతుంది అన్నది మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ సంగతులు.

• పేరు సికింద్రాబాద్ కంటోన్మెంట్. అక్కడి తిరుమలగిరి, కార్ఖానా ఓటర్లు ఎన్నుకునేది మాత్రం మల్కాజిగిరి ఎంపీని. ఎక్కడో ఉన్న జూబ్లీహిల్స్ వాళ్లేమో సికింద్రాబాద్ ఎంపీకి ఓటేస్తారు! సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉన్నాయి: ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్. సీతాఫల్‌మండి ఈ చివరిదానిలోకి వస్తుంది. దాని నంబరు 70, కంటోన్మెంట్‌ది 71. నంబర్లు పక్కపక్కనే, ఎంపీలు వేరు.

• సికింద్రాబాద్‌కు ఒకప్పుడు సొంత మున్సిపల్ కార్పొరేషన్ ఉండేది. 1960లో దాన్ని హైదరాబాద్‌లో కలిపేశారు. ఆ తర్వాత రెండేళ్లకే, 1962లో, రాణి కుముదినీ దేవి రూపంలో నగరానికి తొలి మహిళా మేయర్ వచ్చారు.

• 1986లో నగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. మళ్లీ ఎప్పుడు జరిగాయో తెలుసా? 2002లో. అంటే పదహారేళ్లు! 1986లో పుట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చేదాకా మన వీధికి కొత్త కార్పొరేటర్‌ను ఎన్నుకునే అవకాశమే రాలేదు. 2002 ఎన్నికల్లో ఇంకో విశేషం కూడా ఉంది. అప్పుడు మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. తెలుగుదేశం అభ్యర్థి తీగల కృష్ణారెడ్డి అలాగే గెలిచారు. గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (గ్రేటర్) ఏర్పడ్డాక ఆ పద్ధతి పోయింది. 2021 ఫిబ్రవరి 11న మేయర్ ఎన్నిక జరిగినప్పుడు కార్పొరేటర్లతో పాటు ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కలిపి 44 మంది ఎక్స్ అఫీషియో సభ్యులకు కూడా ఓటు ఉంది. మేయర్‌ను మళ్లీ జనమే ఎన్నుకోవాలని నా గట్టి అభిప్రాయం. కోటి జనాభా నగరానికి పెద్ద ఎవరో ఆ జనం తేల్చకపోతే ఎవరు తేల్చాలి?

• గ్రేటర్ తొలి మహిళా మేయర్ బండ కార్తీకరెడ్డి 2009లో పక్కనున్న తార్నాక డివిజన్ నుంచే గెలిచారు. 2021లో డిప్యూటీ మేయర్ అయిన మోతె శ్రీలతదీ తార్నాకే.

• సికింద్రాబాద్ అసెంబ్లీ స్థానం అయిదేళ్లలో మూడు పార్టీల చేతులు మారింది. 2004లో టీఆర్ఎస్ నుంచి పద్మారావు, ఆ పార్టీ ఎమ్మెల్యేల రాజీనామాలతో 2008లో వచ్చిన ఉప ఎన్నికలో తెలుగుదేశం నుంచి తలసాని శ్రీనివాస్ యాదవ్, 2009లో కాంగ్రెస్ నుంచి సినీ నటి జయసుధ గెలిచారు. 2009 నాటికి నియోజకవర్గాల హద్దులు కూడా మారాయనుకోండి. అయినా ఇక్కడి ఓటరు ఎవరి జేబులోనూ ఉండడన్నది నిజం. ఇంకా వెనక్కి వెళితే, 1971లో తెలంగాణ ప్రజా సమితి అనే పార్టీ తెలంగాణలోని పద్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పదింటిని గెలిచింది. వాటిలో సికింద్రాబాద్ ఒకటి.

• దేశంలో ఓటింగ్ యంత్రాలు తయారుచేసే సంస్థలు రెండే. ఒకటి బెంగళూరులోని బీఈఎల్, రెండోది మన ఈసీఐఎల్. ఇంత దగ్గరలో ఆ ఫ్యాక్టరీ ఉన్నా, కరోనా కారణంగా 2020 డిసెంబర్ 1న గ్రేటర్ ఓటర్లు బ్యాలెట్ పేపరు మీద ముద్ర గుద్ది డబ్బాలో వేశారు. ఆ రోజు నూటికి 47 మంది కూడా బూత్‌కు రాలేదు. మోరీ, వీధి దీపం, చెత్త బండి... ఇంటి ముందున్న పనులన్నీ తేలేది ఈ ఎన్నికలోనే. మనం ఎగ్గొడుతున్నదీ దీన్నే. ఇది బాధ కలిగించే సంగతి.

• మీరు బూత్‌కు వెళ్లేసరికి మీ పేరు మీద ఎవరో ఓటేసి వెళ్లిపోయారనుకోండి. తిట్టుకుంటూ ఇంటికి రాకండి. అది మీ పేరేనని కార్డు చూపించి ప్రిసైడింగ్ అధికారిని ఒప్పిస్తే, టెండర్ ఓటు ఇస్తారు. యంత్రం మీద కాదు, కాగితం బ్యాలెట్ మీద. మీ ముద్ర పడిన ఆ కాగితాన్ని వేరే కవర్‌లో పెట్టి సీల్ చేస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. కానీ గెలుపు తేడా కొద్దిగా ఉండి వ్యవహారం కోర్టుకెక్కితే ఆ కవర్‌కు విలువ వస్తుంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో వచ్చినవాడు అసలు ఓటరు కాదని పార్టీ ఏజెంటుకు అనుమానం వస్తే సవాలు చేయొచ్చు. అందుకు కట్టాల్సిన డిపాజిట్ ఎంతనుకుంటున్నారు? రెండు రూపాయలు.

• రైల్వే క్వార్టర్లలో ఇంకో రకం ఎన్నికలు కూడా జరుగుతాయి. ఏ యూనియన్‌కు గుర్తింపు ఇవ్వాలో రైల్వే ఉద్యోగులే రహస్య బ్యాలెట్‌తో తేలుస్తారు. ఈ పద్ధతిలో 2007లో, 2013లో, ఆ తర్వాత పదకొండేళ్లకు 2024 డిసెంబర్‌లో పోలింగ్ జరిగింది.

• జనాభా మూడు లక్షలు దాటిన పట్టణంలో వార్డు కమిటీలు ఉండి తీరాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతుంది. 2020 అక్టోబర్‌లో గ్రేటర్ చట్టాన్ని సవరించి డివిజన్‌కు నాలుగు కమిటీలు పెట్టాలన్నారు: యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కోదానిలో 25 మంది. అంటే డివిజన్‌కు వంద మంది పౌరులకు పాలనలో చోటు. మీ డివిజన్ కమిటీలో ఎవరెవరున్నారో ఒకసారి అడిగి చూడండి. కాగితం మీద రాసింది బస్తీకి రావాలంటే అడిగేవాళ్లుండాలి.

• అడగడానికి దారి కూడా ఉంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు రుసుము పది రూపాయలు. మండల స్థాయిలో అయిదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ఎందుకు అడుగుతున్నావని అధికారి ప్రశ్నించకూడదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీ గల్లీ సీసీ రోడ్డుకు ఎంత బిల్లు పెట్టారు, కాంట్రాక్టర్ ఎవరు, ఎన్నేళ్లు బాగు చేసే బాధ్యత ఉంది అని మూడు ప్రశ్నలు రాస్తే చాలు.

• పార్టీ పెట్టాలంటే లక్షల మంది అక్కర్లేదు. ఎన్నికల సంఘం దగ్గర నమోదుకు కనీసం వంద మంది సభ్యులుంటే చాలు. అందరూ ఓటర్లై ఉండాలి, ఇంకో నమోదైన పార్టీలో ఉండకూడదు.

• చివరిగా అన్నిటికంటే ముఖ్యమైనది. కార్పొరేటర్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. వార్డు జాబితాకు ఆధారం మాత్రం అసెంబ్లీ ఓటర్ల జాబితానే. అందులో పేరు లేకపోతే ఇందులోనూ ఉండదు. 2021 ఫిబ్రవరిలో కొలువుదీరిన గ్రేటర్ పాలకమండలి అయిదేళ్ల గడువు 2026 ఫిబ్రవరితో తీరింది. కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం 6. పదిహేడేళ్లు నిండిన పిల్లలు కూడా ముందుగానే దరఖాస్తు పెట్టొచ్చు. వారాసిగూడ నుంచి సీతాఫల్‌మండికి అద్దె ఇల్లు మారినా, బదిలీ మీద కాజీపేట నుంచి ఇక్కడికి వచ్చినా ఫారం 8. అనుమానం ఉంటే 1950కి ఫోన్ చేయండి. పోలింగ్ నాటి ఉదయం పేరు వెతుక్కోకండి, ఈ ఆదివారమే చూసుకోండి.